టికెట్టుతో పరీక్ష

సరదాకి ఇంట్లో పెట్టుకున్న చిన్న మిల్లింగ్ మెషిన్‌కి, ఇనుప ముక్కను కదలకుండా పట్టే వైస్ కొని, రాయ్‌పూర్‌లో ధర్సీవా బస్సెక్కాను. ఒళ్ళో దాని బరువుకి కాళ్ళు తిమ్మిరెక్కాయి, గర్వం మాత్రం తగ్గలేదు.

ఫోన్‌లో నా తెలుగు విని పక్కసీటు పెద్దాయన పలకరించాడు. వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడట.

"ఏదీ, నీ టికెట్టిలా ఇవ్వు బాబూ."

దాన్ని రెండుగా చింపి, వైస్ దవడల మధ్య రెండు చివర్లా చెరో ముక్క పెట్టి బిగించాడు. లాగితే ఒకటి కదల్లేదు. రెండోది హాయిగా బయటికొచ్చేసింది.

"దవడ వంకర. ఇందులో ఇనుప ముక్క నిలవదు."

"హాబీకి ఇది చాలన్నాడండీ దుకాణంవాడు."

"జీతానికి చేసేవాడు సర్దుకుంటాడు. ఇష్టంతో చేసేవాడికేం ఖర్మ? వాపస్ ఇచ్చెయ్."

తర్వాతి స్టాపులో దిగిపోయి వెనక్కి వెళ్ళాను.

"అరే భాయ్, షౌక్ కే లియే చలేగా," అన్నాడు దుకాణంవాడు. సరదాకైతే ఇదే చాలట.

అతని షాపులోని వైస్‌లన్నీ దింపించి, నలుగురి ముందే, ఆ చిరిగిన టికెట్టు ముక్కలతో ఒక్కోదాన్నీ పరీక్షించాను. ఐదోది రెండు ముక్కల్నీ పట్టుకుంది. అదే తెచ్చుకున్నాను.

ఇప్పుడు నాకు స్కూటరుంది. అయినా ఆ దుకాణానికి బస్సులోనే వెళ్తాను. టికెట్టు కావాలి కదా.