ధూపం పట్టిన గాజుపలక

మా పద్ధతి చెప్పడానికి సులువు. కంటికి కనిపించని పరారుణ కిరణాన్నీ, ఆకుపచ్చ కిరణాన్నీ గాజుపలక మీద ఒకే చోట, ఒకే క్షణంలో కలిపితే మూడో రంగు వెలుగు పుడుతుంది. పలక మీద ఏదో ఒక అణువుల పొర ఉంటేనే పుడుతుంది. ఆ వెలుగును బట్టి అక్కడున్న అణువులేవో చెప్పవచ్చు. ఇదంతా పాత సంగతే. కాకపోతే ఇందుకు వాడే బలమైన లేజర్లకు పల్చటి పొరలు మాడిపోతాయి. నీరసపు కిరణాలతోనే ఆ పని చేయించాలని నా పంతం.

కలకత్తాలో ఆ పంతానికి రెండు వానాకాలాలు గడిచిపోయాయి. పొర పూసిన పలక పెట్టడం, తెర మీద ఏమీ రాకపోవడం, ఇదే వరస. దుర్గాపూజ సెలవుల్లోగా ఏదో ఒకటి తేలకపోతే లేజర్ బల్లను పక్క జట్టుకు ఇచ్చేస్తానని మా ప్రొఫెసర్ చెప్పారు. మర్యాదగానే చెప్పారు. బల్ల పోతే పద్ధతీ పోయినట్టే.

ఈలోగా విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు ఇక్కడ ఎవరూ పనిముట్టు ముట్టరు. లేత్ మిషన్ నుంచి రిక్షా దాకా అన్నిటికీ దండలే. మేమంతా దాదా, అంటే అన్నా, అని పిలిచే వర్క్‌షాప్ మేస్త్రీ వచ్చి, ఆపేసిన లేజర్‌కు బొట్టు పెట్టి, కొబ్బరిపీచు నిప్పుల మీద గుగ్గిలం చల్లి గదంతా ధూపం పట్టారు. లెన్సులన్నిటికీ ముందే మూతలు పెట్టాం. బల్ల మీద రెండు గాజుపలకలున్న సంగతి ఎవరికీ తట్టలేదు.

మర్నాడు పొర పూసిన పలక పెడితే తెర మీద ఆ మూడో వెలుగు తాలూకు గీత లేచింది. ఒక కిరణాన్ని అడ్డగిస్తే పోయింది, వదిలితే వచ్చింది. ప్రొఫెసర్ సందేశ్ మిఠాయి తెప్పించారు. నాకూ ఒళ్లు తేలిపోయింది గానీ, అలవాటు చొప్పున పొర పూయని రెండో పలకా పెట్టి చూశాను. దాని మీద ఏమీ రాకూడదు. అదే గీత, అంతే ఎత్తున వచ్చింది.

ప్రొఫెసర్ మిఠాయి పెట్టెకు మూత పెట్టేశారు.

నాకు కోపం వచ్చింది, ఆ గీత మీద. కొత్త డబ్బా విప్పి మరో పలక పెట్టాను. గీత లేదు. అంటే తిరకాసు కిరణాల్లో లేదు, బల్ల మీదున్న ఆ రెండు పలకల్లోనే ఉంది. లేజర్ మీద దాదా పెట్టిన బొట్టు అలాగే ఉంది. దాన్ని చూడగానే ముందురోజు ధూపం ఆ రెండు పలకలకూ పట్టి ఉంటుందని తట్టి, లేచి వర్క్‌షాప్‌కు వెళ్లి మిగిలిన గుగ్గిలం అడిగాను.

"పూజ అయిపోయింది కదా దీదీ, ఇప్పుడు ధునో ఎందుకు?" అన్నారు దాదా బెంగాలీలో.

"నా గాజుకు పట్టించాలి దాదా."

ఎగాదిగా చూసి, పొట్లం చేతిలో పెట్టారు.

కొత్త పలకకు వరండాలో ధూపం పట్టి తెచ్చాను. గీత లేచింది. తుడిచి పెడితే పోయింది. మళ్లీ పట్టిస్తే మళ్లీ వచ్చింది. ఇన్నాళ్లూ తప్పు మా పూతలది. అవి గాజుకు అంటుకోనే లేదు. నా నీరసపు కిరణాలు మాత్రం కంటికి ఆనని పూజపొగను కూడా పట్టేశాయి. ప్రొఫెసర్ తన చేత్తో తుడిచి, తన చేత్తో ధూపం పట్టి చూసుకుని, మిఠాయి పెట్టె మళ్లీ తెరిచారు.

ఖిదిర్‌పూర్‌లో ఇంటికి చేరేసరికి అమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"ఏటే, ఆ బల్ల మీకే ఉంచీసినారా, పట్టుకుపోతారా?"

"ఉంచీసినారమ్మా" అన్నాను. గీత అబద్ధమనుకున్నప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.