కర్రీ ఎక్కడి నుంచి వచ్చింది?

మా బడి పంతులుకు మాటల పిచ్చి. ఎవరి నోట కొత్త మాట విన్నా వేలు పైకెత్తి, "దీని తల్లిగారిల్లు ఏదిరా?" అని అడిగేవాడు.

పోలీసు చర్య తర్వాత పాలకుర్తి దిక్కు పల్లెల్లో మిలిటరీ దిగింది. కమ్యూనిస్టు దళానికి అన్నం పెట్టిన ఇంటిని కాల్చేవాళ్లు, వండిన మనిషిని చెట్టుకు కట్టి కొట్టేవాళ్లు. ఒకనాడు మా అమ్మ వండిన వంకాయకూరను దళానికి మోసుకుపోతూ పంతులు దొరికిపోయాడు. ఊరందరినీ బడి ముందు కూర్చోబెట్టారు. అమ్మ నా పక్కనే ఉంది.

"యే కర్రీ కహాఁ సే ఆయీ?" అన్నాడు ఆఫీసరు. ఈ కర్రీ ఎక్కడి నుంచి వచ్చిందని, అంటే ఏ ఇంట్లో వండారని అతని ప్రశ్న.

పంతులు వేలెత్తి ఉర్దూలో విడమరిచాడు. తమిళుల 'కరి' పోర్చుగీసువాళ్ల నోట పడి, ఇంగ్లీషువాళ్ల దగ్గర కర్రీ అయిందట.

తుపాకి మడమ మూతి మీద పడింది. పళ్లు రాలాయి. మళ్లీ అదే ప్రశ్న.

"మా కూరే దానికి తల్లి అని కొందరంటరు సాబ్. రుజువు లేదు."

ఈసారి ఆ వేలు విరిచారు. చివరికి "పాగల్ హై" అని తన్ని, కుండ పగలగొట్టి పోయారు.

పోచమ్మ కాపాడిందని ఊళ్లో కోడిని కోశారు. నాకు ఒళ్లు మండింది. పోచమ్మకు ఒక్క పన్నూ ఊడలేదు.

గాయాలు మానాక అమ్మ అడిగింది: "పంతులూ, గంత ఉపాయం ఎట్ల తట్టిందయ్యా?"

"ఉపాయమేంది చెల్లే! మొదటిసారి నిజంగ మాట గురించే అడిగిండనుకున్న. పళ్లు రాలినంక సమజైంది, వాడు అడుగుతున్నది నీ పేరని."