మూత పెట్టిన పెన్ను

ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌లో మా అమ్మాయికి పాలిటిక్స్ చెప్పిన అనంతపురం మేడం, ప్రశ్న అడిగాక పెన్నుకు మూతపెట్టి, జవాబు వచ్చేదాకా కదిలేవారు కాదు.

ఆ ఏడు స్కూల్లోనే యూనివర్సిటీ మొదటి సంవత్సరం పాలిటిక్స్ పెట్టాలనుకున్నారు. చెప్పేవారికి అందులో ఎం.ఏ. తప్పనిసరి. అది ఉన్నది ఆవిడొక్కరికే, అనంతపురం యూనివర్సిటీలో చేసింది.

నేను సభ్యుడిగా ఉన్న స్కూలు పాలకమండలిలో హెడ్‌టీచర్ నన్నడిగాడు: "మీరూ అక్కడివారే. ఈ డిగ్రీ మన ఎం.ఏ.కు సమానమేనా?"

మనవాళ్లను వెనకేసుకొస్తున్నానంటారని భయపడ్డాను. "కచ్చితంగా చెప్పలేను" అన్నాను. పాఠాలకు బయటి మనిషిని పిలిపించారు.

మేడం కారిడార్లో నన్నాపారు. "ఏమప్పా, మనం చదివింది చదువు కాదా?" పెన్నుకు మూతపెట్టి నిలబడ్డారు. నేను ఫోన్ వచ్చినట్టు నటించి తప్పుకున్నాను.

సమానమే మేడం. నా డిగ్రీ కూడా ఆ యూనివర్సిటీదే. ఈ దేశంలో నాకు ఉద్యోగమిచ్చింది దాన్ని చూసే.