మైకులో నేను చేసిన ప్రార్థన

ఆషాఢంలో ఆదివారం పొద్దున శంషాబాద్‌లో ఆటో ఉన్నట్టుండి ఆగిపోయిందంటే కారణం అడగక్కర్లేదు. ముందు బోనాల డప్పులు వినిపిస్తాయి, ఆ వెనకే తడి వేపమండల వాసన, పసుపు పూసిన కొత్త కుండ వాసన, దాని మీద వెలిగే దీపం నూనె వాసన కలగలిసి ఆటోలోకి వచ్చేస్తాయి. మొన్నా అలాగే ఆగింది. డ్రైవర్ హారన్ కొట్టి విసుక్కుంటున్నాడు, నేను చర్చికి ఆలస్యమవుతోందని ఒడిలో బైబిలు సంచి సర్దుకుంటున్నాను, అంతలో ఆ వాసన ముక్కుకు తగిలి నన్ను ఎనిమిదేళ్ల పిల్లను చేసేసింది. చెంపలు కాలిపోయాయి. ఎన్నేళ్లయితేనేం, సిగ్గు సిగ్గే!

మాది మంఖాల్ దగ్గర ఊరు. తొలకరి పడగానే పిల్లలందరం చేనుగట్ల మీద ఆరుద్ర పురుగులు ఏరి అగ్గిపెట్టెల్లో దాచేవాళ్లం, నేరేడు పళ్లు తిని ఊదారంగు నాలుకలు ఒకరికొకరం చూపించుకునేవాళ్లం. సాయంత్రమైతే బాపమ్మ, అంటే మా బాపును కన్నతల్లి, కోళ్లను గంప కిందకు తోలుతూ ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి తిట్టేది. ఆమె తిట్టని ప్రాణి ఊళ్లో లేదు. తిడుతూనే నూనెలోంచి తీసిన గారెను ఊది ఊది నా నోట్లో పెట్టేది, వేయించిన చింతగింజలు నా జేబులో పోసేది, జ్వరమొస్తే ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసి అవి చిటపటలాడేదాకా నన్ను కదలనిచ్చేది కాదు.

నా అయిదో ఏట వచ్చిన జ్వరం మాత్రం మిరపకాయలకు లొంగలేదు. దవాఖానలో పక్క మంచం ఆవిడ కోసం ప్రార్థన చేయడానికి వచ్చినవాళ్లు నా తల మీద కూడా చెయ్యి పెట్టి ప్రార్థించారు. మర్నాడు నేను లేచి కూర్చుని అన్నం అడిగాను. ఆ రోజు నుంచి అమ్మ ప్రభువును నమ్ముకుంది. బాపమ్మ మొదట ఏమీ అనలేదు. "ఒక దేవుడు ఎక్కువైతే ఏమైతది తియ్" అని నవ్వింది కూడా. కానీ ఆ ఏడు బోనాల పండగకు, ఇంటి కోడలు నెత్తిన పెట్టుకుని గుడిదాకా మోయవలసిన బోనాన్ని అమ్మ ఎత్తనంది.

"నాతోని కాదత్తా. మనసు ఒప్పుకుంటలేదు."

"ఇంటి బోనం ఎత్తనిదానికి ఇంటి గడపతోని పనేంది? పో ఇగ! మల్ల నా గడప తొక్కకు!"

బాపు సరుకులు మోసే డీసీఎం వ్యాను నడిపేవాడు. తల్లికి చెప్పలేక, పెళ్లాన్ని వదులుకోలేక, ఆ సాయంత్రం అదే వ్యానులో ఒక పెట్టె, రెండు చాపలు, ఒక బొక్కెన పెట్టి మమ్మల్ని రెండు సందుల అవతల కిరాయి గదిలో దింపి, తనూ మాతోనే ఉండిపోయాడు. దూరదేశం పోయినా అంత బాధ ఉండేది కాదేమో. బడికి పోయేది బాపమ్మ ఇంటి ముందునుంచే, బాపమ్మ అరుగు మీద కూర్చుని నన్ను చూసి మొహం అటు తిప్పుకునేది. పండగ రోజుల్లో ఆ ఇంటి గారెల వాసన రెండు సందులూ దాటి మా గదిలోకి వచ్చేది, నేను ముక్కు మూసుకుని చాప మీద బోర్లా పడుకునేదాన్ని.

అమ్మ మాత్రం తెల్లవారుజామున మోకాళ్ల మీద కూర్చుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, "మా అత్తను దీవించు ప్రభువా" అని ఏడ్చేది. నాకు ఒళ్లు మండేది. వెళ్లగొట్టిన మనిషికి దీవెనలేమిటి? మూడేళ్లు చూశాను. ఆ దీవెనల వల్ల మాకు ఒరిగిందేమీ లేదని తేల్చుకుని, నా దారి నేను చూసుకున్నాను.

మా చర్చి అంటే ఒక రేకుల గది, దాని మీద ఊరివైపు తిరిగిన గొట్టం మైకు. కోస్తా నుంచి వచ్చిన పాస్టరుగారు ప్రతి ఆదివారం పిల్లలను వరసగా పిలిచి, ఒక్కొక్కరితో ఒక ప్రార్థన విన్నపం చెప్పించేవారు. సాధారణంగా మేమందరం పరీక్ష పాసవ్వాలని అడిగేవాళ్లం. ఆ ఆదివారం ఊళ్లో బోనాలు, బయట డప్పులు హోరెత్తుతున్నాయి, నా వంతు వచ్చింది.

"చెప్పమ్మా, నీ విన్నపం ఏంటో ప్రభువుకు గట్టిగా చెప్పు" అన్నారాయన.

గట్టిగానే చెప్పాను. "ప్రభువా, మా బాపమ్మకు కాళ్లు పడిపోవాలె. గప్పుడు నీళ్లు పొయ్యనీకి మా అమ్మనే పిలుస్తది, ఇగ మమ్ముల ఇంట్లకు రానిస్తది. ఆమెన్!"

అలవాటుకొద్దీ సగం మంది ఆమెన్ అనేశారు. ఆ వెంటనే నాలుక కరుచుకున్నారు. పాస్టరుగారు మైకు లాక్కునేసరికి ఆలస్యమైపోయింది. బయట డప్పులు ఆగిపోయాయి. పండగపూట, ఊరంతా వింటుండగా, కన్నకొడుకు కూతురు ముసలమ్మకు శాపం పెట్టింది!

అమ్మ కొట్టలేదు. కొట్టినా బాగుండేది. నా మణికట్టు పట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, నేరుగా బాపమ్మ ఇంటికి నడిచింది. సందుకు అటూ ఇటూ బోనాలు ఎత్తుకున్న ఆడవాళ్లు నిలబడి చూస్తున్నారు. "గింత విషమా అండాలూ, పొల్లకు గిదేనా నేర్పింది?" అని ఒకావిడ అమ్మను అడిగింది. అమ్మ తల దించుకుంది. బాపమ్మ ఎత్తుకోబోయిన బోనాన్ని దించేసి తలుపు వేసుకుందట. అమ్మ గడప తొక్కలేదు. అరుగు మీద కూర్చుని, నన్ను తలుపు ముందు నిలబెట్టింది. వీపు మీద ఎండ, మొహం మీద ఊరందరి చూపులు. ఇంట్లోంచి ఉలుకూ పలుకూ లేదు. పెద్దావిడకు నిజంగానే ఏమన్నా అయిందేమోనని భయపడ్డాను.

"బాపమ్మా, తప్పయింది! నీ కాళ్లు మంచిగుండాలె!" అని ఏడుస్తూ తలుపు బాదాను.

చాలాసేపటికి లోపల గొళ్లెం కదిలింది. బాపమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో ఆకు మూసిన గిన్నె.

"తిన్నవానే?" అంది నాతో. తర్వాత అమ్మవైపు చూడకుండానే, "మీరు ప్రసాదం ముట్టరంట గద. గిది అమ్మోరికి సూపెట్టకముందుగాలనే తీసిన బెల్లం బువ్వ. మూడేండ్ల సంది గిట్లనే పక్కకు తీసిపెడుతున్న. ఒక్కరు రారైతిరి. పొద్దుగూకినంక కుక్కకు ఏస్తున్న."

"నువ్వే రావద్దంటివి గదత్తా" అంది అమ్మ.

"కోపంల అంటి. అంటె ఇగ రానే రావా?"

అమ్మ బాపమ్మ కాళ్లు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. బాపమ్మ కాళ్లు వెనక్కి తీసుకుంది. "లే, పొయ్యి మీద పప్పున్నది, అడుగంటుతది. లోపటికి పోయి సూడు" అని కసిరి, బోనం నెత్తికెత్తుకుని డప్పుల వెంట గుడికి నడిచింది. అమ్మ గడప ముందు ఒక్క క్షణం ఆగి, లోపలికి పోయింది. అమ్మోరికి పెట్టేదాకా ఏమీ ముట్టని ఉపవాసపు మొహాలతో ఊరు చూస్తుండగా నేను అరుగు మీద కూర్చుని ఆ గిన్నె ఊడ్చి తిన్నాను.

ఆ తర్వాత అన్నీ సర్దుకున్నాయని చెప్పను. అమ్మ ఎన్నడూ బోనం ఎత్తలేదు, బాపమ్మ ఎన్నడూ చర్చి మెట్టెక్కలేదు, చుట్టాల పెళ్లిళ్లకు మాకు పిలుపులు రాలేదు. కానీ ప్రతి ఆషాఢంలో గిన్నె మా గదికి వచ్చేది, తిట్లతో సహా.

ఇప్పుడు బాపమ్మ లేదు. ఆ ఇల్లు ఒక రియల్ ఎస్టేట్ వెంచర్‌లో కలిసిపోయింది, ఉన్నచోట ప్లాటు నంబరు రాసిన రాయి ఉంది. మేముండే బడంగ్‌పేట్ అపార్ట్‌మెంట్‌లో తలుపు వేసుకున్నవాళ్ల ముందు కూర్చుందామన్నా అరుగనేది లేదు, రెండు నిమిషాలు నిలబడితే వాచ్‌మన్ వచ్చి ఎవరు కావాలంటాడు. అమ్మకు మోకాళ్లు వంగవు, కుర్చీలో కూర్చునే ప్రార్థిస్తుంది. అందరి పేర్లూ అయ్యాక, ఆ మూడేళ్ల దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటుంది.

"నన్ను వద్దన్నదని ఏడ్సుకుంట కూసున్న గని, ఒక్కపారన్న పోయి తలుపు కొట్టకపోతి. నన్ను క్షమించు ప్రభువా" అంటుంది.