నార్మన్‌ను పైకి పిలిచిన పూట

నార్మన్ లెయిడ్లర్ మా సండర్లాండ్ ఓడల యార్డులో ఫిట్టర్. బేరింగును గీరి, షాఫ్టు అందులో వెంట్రుకంత తేడా లేకుండా కూర్చునేలా చేయడంలో అతని చేతికి సాటి లేదు. నోరు మాత్రం అదుపులో ఉండేది కాదు.

ఫోర్‌మన్ గది మెట్ల పైన. ఆయన స్పానరుతో కిటికీ అద్దం మీద తట్టి ఎవరివైపు వేలు చూపిస్తే వాళ్ళు పైకి వెళ్ళాలి. వెళ్ళేవాడికి నార్మన్ తన రొట్టెలో ముక్క తుంచి ఇచ్చి, ఉరి తీసిన మర్నాడు పేపర్లు రాసే మాట అనేవాడు: "ఖైదీ సుష్టుగా భోంచేశాడు." ఆలస్యంగా వచ్చినవాడు అతని లెక్కలో "నడిచే శవం". అందరం నవ్వేవాళ్ళం. పైకి వెళ్ళినవాడు మహా అయితే నాలుగు తిట్లు తిని దిగేవాడు.

ఆ చలికాలం ఆర్డర్లు ఆగిపోయాయి. పైకి వెళ్ళినవాళ్ళు దిగి, పనిముట్లు సర్దుకుని ఇంటిదారి పట్టసాగారు.

గురువారం టీ వేళ అద్దం మోగింది. వేలు నార్మన్ వైపు తిరిగింది. అతనికి యాభై దాటాయి. ఇక్కడ పని పోతే ఇంకెవరూ తీసుకోరు.

లేచి నిలబడ్డాడు గానీ కదల్లేదు.

"ఏంట్రా, ఎవరూ అనరేం?"

"ఏమనాలి?" అన్నాడు పక్క బల్ల దగ్గరి ఆల్ఫ్ హెస్ప్. మా అందరికంటే పెద్దవాడు.

"రోజూ నేననేదే. ఇవాళ మీరు అనండి."

"నీ మొహం. వెళ్ళిరా, టీ చల్లారిపోతుంది."

"అనట్లేదంటే మీకేదో తెలుసన్నమాట."

"తెలిస్తే నీకు చెప్పకుండా మీ ఆవిడ చేత చీపురుదెబ్బలు తింటామా?"

నవ్వబోయి ఆగిపోయాం.

నార్మన్ మెట్లెక్కాడు. అద్దంలోంచి అతని వీపొకటే కనిపిస్తోంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. కింద మెషీన్లు ఎవరూ ఆన్ చేయలేదు.

కాసేపటికి మెట్ల కమ్మీ పట్టుకుని మెల్లగా దిగాడు. పనిముట్ల పెట్టె వైపు పోకుండా నేరుగా మా దగ్గరికొచ్చాడు. ఊపిరి పీల్చుకున్నాం.

"ఉంచారు. ఈ ఓడ నీళ్ళలోకి దిగేదాకా."

"మరి ఆ ఏడుపు మొహమేంట్రా?" అన్నాడు ఆల్ఫ్.

నార్మన్ తలెత్తి ఫోర్‌మన్ గది వైపు చూశాడు.

"అన్నా, నిన్ను రమ్మంటున్నారు."

ఆల్ఫ్ చేతిలోని గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

"పద, మెట్లదాకా నేనూ వస్తా," అన్నాడు నార్మన్.

"నాకు కాళ్ళున్నాయి."

"ఉంటే ఉన్నాయిలే. పద."

ఇద్దరూ పక్కపక్కన నడిచారు. మెట్లదాకా నార్మన్ ఆ ఖైదీ భోజనం మాట ఎత్తలేదు.