కుట్టుమిషను బల్ల నుంచి కాలవ గట్టు దాకా

మా ఆయన మస్కట్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు అందరిలాగే సబ్బులూ, సెంట్లూ, దుప్పట్లూ తెచ్చారు. పెట్టె అడుగున మాత్రం ఒక స్టీరింగూ మూడు పెడల్సూ ఉన్నాయి. కారుకి కాదు, కంప్యూటరుకి. తెర మీద రేసు కార్లు నడుపుకునే సామాను అది. "ఇది నా సరదా, ఎవరూ ముట్టుకోకండి" అని ఇంట్లో చాటింపు వేసి, వారం రోజులు ఆడి, ప్రతి మలుపులోనూ గోడకి గుద్ది, కళ్ళు తిరుగుతున్నాయని పక్కన పడేసి, సెలవు అవగానే విమానం ఎక్కేశారు. ముట్టుకోవద్దన్నాక ముట్టుకోకుండా ఊరుకునే రకాన్ని కాదు నేను.

అప్పటికి నాకు నలభై మూడేళ్ళు. అమలాపురం దగ్గర హైస్కూల్లో పిల్లలకి లెక్కలు చెబుతాను. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, ఇల్లంతా వెతికాను ఆ స్టీరింగు బిగించడానికి ఏదన్నా బల్ల దొరుకుతుందేమోనని. చివరికి మా అత్తగారి కుట్టుమిషను బల్లకి సరిగ్గా పట్టింది. పెడల్సు గచ్చు మీద జారిపోతుంటే వాటి వెనక బియ్యం బస్తా అడ్డం పెట్టాను. బ్రేకు గట్టిగా తొక్కితే ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి పోతుంటే దాని వెనక్కి రుబ్బురోలు దొర్లించాను. నా రేసు కారు అలా తయారైంది.

నెట్లో ఎక్కడెక్కడి దేశాల వాళ్ళతోనో పోటీ. మొదట్లో అన్ని రేసుల్లోనూ ఆఖరే. ఎందుకంటే వెనకాల ఎవరైనా వస్తుంటే మనవాళ్ళ పద్ధతిలో పక్కకి జరిగి దారిచ్చేదాన్ని. ఎవరికైనా తగిలితే బండి ఆపి మరీ "సారీ అండీ" అని టైపు చేసేదాన్ని. అవతల ఎవరో పోలెండు మనిషి, "అండీ అంటే ఏమిటి?" అని అడిగాడు. ఏం చెబుతాం! అది లేకపోతే మా గోదావరి వాళ్ళకి మాట పెగలదని చెప్పాను. ఆరు నెలలు తిరిగేసరికి ఆ పోలెండాయన్నే ఆఖరి మలుపులో లోపలి వైపు నుంచి దాటేశాను. సారీ చెప్పలేదు. ఆ రోజు నేను పెట్టిన కేకకి అత్తగారు బైబిలు మూసేసి పరుగున వచ్చారు.

అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడకి అరవై తొమ్మిదేళ్ళు. ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తగా రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళ పైన సైకిలు వెనక టీకాల డబ్బా కట్టుకుని ఇక్కణ్ణుంచి ఉప్పలగుప్తం దాకా ప్రతి ఊరికీ తిరిగి, కనిపించిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ సూది పొడిచారు. నేను గెలిచానని చెబితే, "గెలిస్తే గెలిచేవు గానీ, నా జాకెట్టు కుట్టుకోవాలి, ఆ చక్రం ఊడదియ్" అన్నారు.

ఇంట్లో అసలు కారు కూడా ఉంది. తెల్లది, చిన్నది. మా ఆయన కొని, రేకుల షెడ్డులో పెట్టి, గుడ్డ కప్పి వెళ్ళారు. తాళం అత్తగారి బీరువాలో. నాకు లైసెన్సుంది, తోటి టీచరు కారు మీద నేర్చుకున్నాను. అయినా కారు అడిగిన ప్రతిసారీ మా ఆయన ఫోన్లో "నీకెందుకే, బస్సుందిగా" అనేవారు. ఆ బస్సులో నిలబడి స్కూలుకి వెళుతూ, మా షెడ్డులో పడుకున్న ఆ కారుని తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

అలాంటి రోజుల్లో రాజమండ్రి కుర్రాళ్ళు కొందరు రెండో శనివారం మా కోనసీమలో ర్యాలీ పెడుతున్నారని తెలిసింది. పెద్ద పెద్ద రేసరులకి కాదు, సరదా ఉన్న ఎవరైనా సొంత కారు తెచ్చుకోవచ్చు. ఆ మాట వీడియో కాల్లో చెప్పేసరికి మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు.

"స్క్రీను మీద గిరగిరా తిప్పేస్తే డ్రైవింగు వచ్చేసినట్టేనా? సరే, వెళ్ళు. మొత్తం పూర్తి చేసేవనుకో, తాళం నీదే, మళ్ళీ అడగను. మధ్యలో ఆగిపోయేవనుకో, కారు కొత్తపేట బావకి ఇచ్చేస్తా. ఎప్పట్నుంచో అడుగుతున్నాడు."

"ఆయ్, అలాగేనండి," అన్నాను.

"నేను విన్నాన్రా," అని వెనక నుంచి అత్తగారు.

కారులో పక్కన కూర్చుని దారి చెప్పే మనిషి ఒకరు ఉండాలని రూలు. స్టాఫు రూములో అందరినీ అడిగాను. ఒకావిడకి పెళ్ళి, ఒకాయనకి గృహప్రవేశం, ఇంకొకాయనకి ఉన్నట్టుండి నడుం నొప్పి. ఇంటికొచ్చి మొహం వేలాడేసుకుంటే అత్తగారు, "ఆ దారులన్నీ నేను సైకిలు తొక్కినవే. నేనొస్తా పద," అన్నారు.

శనివారం పొద్దున్నే మైదానంలో చూడాలి ఆ సంబరం. నల్ల కళ్ళద్దాలు, రంగు చొక్కాలు, కారు నిండా స్టిక్కర్లు. మా కారులో పులిహోర డబ్బా, నీళ్ళ సీసా, గొడుగు. బల్ల దగ్గర నంబర్లు ఇస్తున్నాయన మమ్మల్ని చూసి, "చూడ్డానికొచ్చిన వాళ్ళ పార్కింగు అటండి, అమ్మగారూ," అన్నాడు.

"ఆయ్, చూడ్డానిక్కాదండి, నడపడానికొచ్చేం," అన్నారు అత్తగారు.

ఆయన అన్నిటికన్నా ఆఖరి నంబరు మా తలుపుకి అంటించాడు. ఇక రూల్సు చెప్పడం మొదలుపెట్టారు. నేను వింటే కదా! ఏ మలుపులో ఎప్పుడు బ్రేకు వెయ్యాలో ఊహించుకుంటూ నిలబడ్డాను. జెండా ఊపగానే పోలెండాయన ముందున్నట్టే ఊహించుకుని దూకించాను. అత్తగారు పైన ఉన్న పిడి పట్టుకుని, "ప్రభువా, ప్రభువా," అంటున్నారు. మొదటి చెక్‌పోస్టు దగ్గర బండి ఆపి, ఛాతీ పొంగించుకుని అద్దం దించాను.

టైము రాసుకునే ఆయన నా వైపు జాలిగా చూశాడు. "ఆరు నిమిషాలు ముందొచ్చేరండి."

"థాంక్స్ అండీ!"

"థాంక్స్ కాదండి, తప్పండి. చెప్పిన స్పీడులో చెప్పిన టైముకి రావాలండి. నిమిషం లేటుకి ఒక మార్కు పోతే, నిమిషం ముందొస్తే రెండు పోతాయండి. ఏ పోస్టు దగ్గరైనా అరగంట దాటి లేటయితే ఇక ఔటేనండి."

తస్సాదియ్యా! తొందరగా వస్తే శిక్ష వేసే రేసు ఎక్కడైనా ఉంటుందా? ఏడాది పాటు రుబ్బురోలు ఆసరాతో నేర్చుకున్న విద్యంతా కాలవలో పోసినట్టయింది. నాకు కోపం ఎవరి మీదో తెలియక, స్టీరింగు మీద ఒక్కటేశాను.

అత్తగారు మాత్రం తేరుకున్నారు. చేతి గడియారం విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఇదా సంగతి! నేను ముప్పై ఏళ్ళు చేసింది ఇదే కదే అమ్మాయ్. ఐసు కరిగేలోపు చేరాలి, తల్లులు పొలాల్నుంచి వచ్చే టైముకి చేరాలి. ముందెళ్ళినా దండగే, వెనకెళ్ళినా దండగే. ఇప్పుడు నేను చెప్పినట్టు నడుపు."

నడిపాను. దారి పుస్తకంలో బాణం గుర్తులు ఆవిడ చూడనే లేదు. "ఈ వంతెన నుంచి ఆ చర్చి దాకా ఏడు నిమిషాలు. మూడో గేరు చాలు." చెప్పినట్టే ఏడు నిమిషాలు. నాకు తిక్క రేగి కాస్త తొక్కితే, "మళ్ళీ పోలెండాయన గుర్తొచ్చేడా?" అని దెప్పేవారు.

ఒక ఊళ్ళో పెద్ద మీసాలాయన రోడ్డుకడ్డంగా వచ్చి చెయ్యెత్తాడు. "నర్సమ్మగారూ! మీరేనాండి! కొబ్బరిబొండం తాగకుండా వెళ్ళనివ్వనండి." చొక్కా చెయ్యి పైకి మడిచి, భుజం మీద టీకా మచ్చ చూపించాడు. "ఇదిగోండి, మీరు పొడిచిందే."

"అత్తయ్యా, మనం రేసులో ఉన్నాం!" అన్నాను పళ్ళు నూరుతూ.

"మూడు నిమిషాలు ముందున్నాం. బొండం తాగడానికి మూడు నిమిషాలే పడుతుంది," అన్నారావిడ.

ఇద్దరం తాగాం. రెండో చెక్‌పోస్టులో మా తప్పు సున్నా. మూడో దాంట్లోనూ సున్నా. టైము రాసే ఆయన తన గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసుకున్నాడు. "ఎలా చేస్తున్నారండీ? వేరే వాళ్ళు యాప్‌లూ గట్రా పెట్టుకుని కూడా ఇంత కరెక్టుగా రావట్లేదండి." అత్తగారు పులిహోర డబ్బా మూత తీసి ఆయనకీ కాస్త పెట్టారు. ఇక మిగిలింది ఒక్క పోస్టు. తాళం నా చేతికి వచ్చేసినట్టే అనిపించింది. సోమవారం స్కూలు గేటు ముందు కారు ఎలా ఆపాలో కూడా ఆలోచించేసుకున్నాను.

అప్పుడు కాలవ గట్టు ఎక్కాం. ఒకవైపు నిండు కాలవ, ఇంకోవైపు పల్లంలో వరిచేలు. మధ్యలో ఒక్క బండి పట్టే దారి. సగం దూరం వెళ్ళేసరికి ఒక తోటలోంచి కొబ్బరి డొక్కల ట్రాక్టరు గట్టు మీదికెక్కి ఎదురొచ్చింది. పీచు డొక్కలు ఇంటెత్తు పేర్చారు. రెండు బళ్ళూ ముక్కూ ముక్కూ ఆనించి నిలబడ్డాయి.

ట్రాక్టరు నడిపేవాడు దిగి దణ్ణం పెట్టాడు. "లోడండి, మేడమ్ గారూ."

మా వైపు గట్టు మీద పద్ధతి ఒకటుంది. బరువున్న బండి వెనక్కి పోదు, ఖాళీ బండే పోవాలి. ఎంత పెద్ద మనిషి కారైనా అంతే. వెనక్కి తిరిగి చూశాను. మేము దాటి వచ్చిన రేవు దగ్గర గట్టు కాస్త వెడల్పు. అక్కడి దాకా రెండు ఫర్లాంగులుంటుంది.

ఆ తెర మీద నేను లక్ష మలుపులు తిరిగాను. ఒక్కసారి కూడా వెనక్కి నడపలేదు. రేసులో వెనక్కి నడిపేవాళ్ళుంటారా? పైగా అక్కడ కారు బోల్తా కొడితే ఒక మీట నొక్కగానే మళ్ళీ రోడ్డు మీద నిలబడుతుంది. ఇక్కడ కాలవ నా కిటికీ కిందే ఉంది. ఆకుపచ్చటి నీళ్ళు. "అత్తయ్యా, నా వల్ల కాదు," అన్నాను. నిజంగానే ఏడుపొచ్చింది.

ఆవిడ కారు దిగారు. చీర కుచ్చిళ్ళు దోపుకుని వెనక్కెళ్ళి, దారి మధ్యలో నిలబడి, గొడుగు ఎత్తి పట్టుకున్నారు. "నన్నే చూడు. కాలవ సంగతి నీకొద్దు, అది ఎక్కడికీ పోదు. నా గొడుగు చూసుకుంటూ రా!"

వచ్చాను. జానెడు, జానెడు. అద్దంలో ఆవిడ గొడుగు తప్ప ఏమీ చూడలేదు. ఒకసారి వెనక చక్రం కింద మట్టి జారింది. బ్రేకు తొక్కేశాను. "కంగారు పడకు, ఎడమకి కొయ్యి, ఇంకాస్త, ఆఁ, చాలు!" ఆవిడ వెనక్కి నడుస్తూనే ఉన్నారు. మధ్యలో ఎన్నిసార్లు ఆగి ఊపిరి తీసుకున్నానో లెక్కే లేదు. రేవు దగ్గర బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు పని ఆపి, మేము వెడల్పు చోటికి చేరేదాకా గట్టునే చూస్తూ నిలబడ్డారు. ట్రాక్టరు పక్క నుంచి పోతూ, "చల్లగా ఉండండి మేడమ్," అని వాడు మళ్ళీ దణ్ణం పెట్టాడు. చెమటకి నా జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది.

ఆఖరి పోస్టు చేరేసరికి వాళ్ళు బల్ల మడిచేస్తున్నారు. "ముప్పై నాలుగు నిమిషాలు లేటండి. ఔటండి. సారీ అండీ," అన్నాడాయన, ఎంతో మర్యాదగా. నాలుగు నిమిషాలు! ఆ మర్యాదకి ఇంకా మండింది నాకు. కారు తిన్నగా ఇంటికి తోలాను.

ఇంటి గేటు దగ్గర ఉండగానే మా ఆయన వీడియో కాలు. "ఏం, పూర్తయిందా?"

"లేదండి. ఔటైపోయాం." ఎదురొచ్చిన ట్రాక్టరు గురించి చెప్పబోయాను. ఆయన విననే లేదు.

"నే చెప్పలేదూ! మాటంటే మాటే. రేపు బావని వచ్చి తీసుకెళ్ళమంటా."

నేను తాళం తీసి అత్తగారి చేతిలో పెట్టాను. ఆవిడ తాళంతో పాటు ఫోను కూడా లాక్కున్నారు.

"ఒరేయ్, కారు కొన్న నాలుగో రోజున, నేను నీ పక్కన కూర్చునుండగా, ఆ గట్టు మీద డొక్కల ట్రాక్టరు ఎదురొస్తే నువ్వేం చేశావో నీ పెళ్ళానికి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

తెర మీద ఆయన కదల్లేదు. సిగ్నలు పోయిందేమో అనుకున్నాను. కానీ ఆయన వెనకాల ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"దిగిపోయి కొబ్బరిచెట్టు కింద నిలబడ్డావు. లోడుబండిని వెనక్కి పంపించావు. సగం డొక్కలు కాలవలో పడ్డాయి, పాపం ఆ మనిషివి. ఇంటికొచ్చి కారుకి గుడ్డ కప్పేశావు. కొడుకువి కదా అని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఇవాళ ఇది అదే గట్టు మీద రేవు దాకా వెనక్కి నడుపుకొచ్చిందిరా. నేను ఎదురుగా నిలబడి చూశాను."

నవ్వు రావాల్సింది నాకు. రాలేదు. ఆ కిటికీలోంచి కాలవని చూశాక ఆయన ఎందుకు దిగిపోయారో నాకు బాగానే అర్థమైంది. కాసేపటికి ఆయన చిన్న గొంతుతో అడిగారు, "కాలవ ఎటు వైపుందే?"

"నా వైపేనండి."

"రేవు దాకానా?"

"ఆయ్."

"అమ్మా, తాళం దానికిచ్చెయ్," అన్నారు. తర్వాత నాతో, "ఆ ట్రాక్టరు సంగతి మాత్రం కొత్తపేట బావకి చెప్పకు. అసలెవరికీ చెప్పకు."

చెప్పనని మాటిచ్చాను. ఇవాళ్టి వరకూ నోటితో ఎవరికీ చెప్పలేదు.