దుర్గాంబ సాక్ష్యం

బర్మాలోని పజుండౌంగ్ పేట‌లో తెలుగువాళ్ళకు దుర్గాంబ దోసెల బండి తెలియంది కాదు. భర్త పోయినప్పటి నుంచి ఆ పెనమే ఆమెకు ఆధారం. నోరు కాస్త గట్టిదే గానీ చెయ్యి పెద్దది. అడిగినవాళ్ళకు ఇంకో గరిటె సాంబారు పోసేది.

బండి పక్కనే జోగి షాపు. అతను జనరేటర్లు బాగుచేస్తాడు. పొగ తన షాపులోకి వస్తోందని వార్డు ఆఫీసులో ఫిర్యాదు చేసి, సందు మొగలో ఉన్న ఆమె బండిని లోపలికి నెట్టించాడు. లోపల బేరం సగానికి పడిపోయింది. అప్పట్నుంచి దుర్గాంబ అతనితో మాట్లాడటం మానేసింది.

ఆ మధ్యాహ్నం జోగి దగ్గర పనిచేసే అప్పలస్వామి ఎవరిదో మోటారు కాల్చేశాడు. జోగికి ఒళ్ళు మండిపోయింది. "సంపేత్తానొరే నిన్ను" అంటూ చేతిలో ఉన్న సుత్తి విసిరాడు. అది అప్పలస్వామి కణతకు తగిలింది. జోగే అతన్ని భుజాన వేసుకుని రోడ్డు మీదకు పరుగెత్తాడు. ఆస్పత్రి చేరేలోగానే ప్రాణం పోయింది. అదంతా చూసింది దుర్గాంబ ఒక్కతే.

జోగి తరఫు లాయరు డా తందా, అంటే తందాగారు, ఆమెను వెతుక్కుంటూ వచ్చి బర్మీస్‌లో నెమ్మదిగా చెప్పింది.

"సుత్తి విసిరింది జోగే. దానివల్లే మనిషి పోయాడు. అందులో వాదించడానికేమీ లేదు. కానీ అంతమాత్రాన హత్య అయిపోదు. ఇంగ్లీషువాళ్ళు పెట్టి వెళ్ళిన చట్టం ఇప్పటికీ ఒకటే అడుగుతుంది. చంపాలనో, చచ్చేంత దెబ్బ కొట్టాలనో అతని మనసులో ఉందా? ఉంటే హత్య. లేకపోతే నేరం చిన్నది, శిక్షా చిన్నది. మనసు లోపలికి ఎవరూ చూడలేరు. నోటి మాటను బట్టే చూస్తారు. ఆ మాట విన్నది మీరే."

దుర్గాంబకు అంతా అర్థమైంది.

కోర్టులో ప్రాసిక్యూటరు అడిగితే, జోగి ఏమన్నాడో బర్మీస్‌లో చెప్పింది. చంపుతానన్నాడు అంది. అది నిజమే. తర్వాత డా తందా లేచింది.

"ఆ మాట ఆయన మామూలుగా కూడా అంటుంటాడా?"

అంటాడు. అది దుర్గాంబకు తెలుసు. పిల్లిని అంటాడు, మొండికేసిన ఇంజన్ను అంటాడు, పెళ్ళాన్ని అంటాడు. సందులో తెలుగువాళ్ళ నోట ఆ మాట వినపడని పూట ఉండదు. జోగి బోనులోంచి ఆమె వైపే చూస్తున్నాడు. బేరం లేక పులిసిపోయి పారబోసిన పిండి ఆమెకు గుర్తొచ్చింది.

"నాకు తెలీదు" అంది.

ఆ మాట అతనికి ఊతపదమని జోగి భార్య రాధారాణి సాక్ష్యం చెప్పింది గానీ, పెళ్ళాం మాటే కదా అని కోర్టు పట్టించుకోలేదు. హత్యేనని తీర్పు వచ్చింది. యావజ్జీవ శిక్ష వేశారు.

మర్నాడు రాధారాణి బండి దగ్గరకు వచ్చి కూర్చుంది. "నువ్వేటి సేస్తావు పిన్నీ. ఇన్నది సెప్పినావు" అంది. దుర్గాంబ తిప్పుతున్న దోసె చిరిగింది. మళ్ళీ వేసింది. అప్పట్నుంచి రాధారాణి రోజూ వచ్చి తన గోడు చెప్పుకునేది. దుర్గాంబ పెనం మీంచి తల ఎత్తేది కాదు. ఇంట్లో తిండి సయించేది కాదు. ఒక పొద్దున కూతురు విజయశ్రీ చేతిలోంచి పచ్చడి గిన్నె జారితే "సంపేత్తాను సూడు" అనేసింది. అని, అక్కడే కూలబడింది.

"ఏటైందమ్మా?"

"నన్ను ఆ లాయరమ్మ కాడికి తీసుకుపోవే."

డా తందా అంతా విని కాగితం మీద రాసుకుంది. "అప్పీల్లో పెడతాను. వింటారో లేదో చెప్పలేను. ప్రమాణం చేసి అబద్ధమాడారని మీ మీద కేసు పెట్టొచ్చు."

"పెట్టనివ్వండి" అంది దుర్గాంబ.

పై కోర్టు ఆమెను పిలిపించి విన్నది. దెబ్బ తగిలిన వెంటనే జోగే మోసుకుపోయాడన్న సంగతినీ లెక్కలోకి తీసుకుంది. హత్య కాదని తేల్చి శిక్షను పదేళ్ళకు తగ్గించింది. దుర్గాంబ మీద కేసు పెడతారో లేదో ఇంకా తేలలేదు.

తీర్పు వచ్చిన సాయంత్రం రాధారాణి బండి దగ్గరకు వచ్చింది. కూర్చోలేదు.

"తెలీదని ఎందుకన్నావు పిన్నీ?"

కోర్టంటే భయమేసి నోట మాట రాలేదని చెబుదామని దుర్గాంబ కోర్టు నుంచి వస్తూ దారంతా అనుకుంది. తీరా ఆమె ముఖం చూశాక ఆ అబద్ధం ఆడలేకపోయింది.

"తెలిసే అన్నాను. మీ ఆయనకి శిచ్చ పడాలనే అన్నాను."

రాధారాణి ఇంటికి వెళ్ళిపోయింది. మళ్ళీ బండి దగ్గరకు రాలేదు. సందులో ఎదురుపడితే దుర్గాంబే పక్కకు తప్పుకుంటుంది.